ఫొటోలోది ఒక కప్ప, వ్యాసంలోది మరో కప్ప

అయ్యా,

మీ ఆదివారం పేజీలో అక్వేరియంలో పెంచుకునే నీటి కప్పల మీద వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలకు మంచి కాలక్షేపం, పెద్దగా పని ఉండదు, వారానికోసారి తొట్టె కడిగి నీళ్లు మారిస్తే చాలు అని రాశారు. వేసిన ఫొటో తెల్లగా, ఎర్ర కళ్లతో ఉన్న కప్పది. రాసిన సంగతులేమో బొటనవేలంత ఉండే ఇంకో కప్పవి. రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవే, రెండూ జీవితమంతా నీళ్లలోనే గడిపేవే. అయినా ఒకదానికి పడేది ఇంకోదానికి పడదు. మా బల్లార్షా, చంద్రపూర్ వైపు షాపుల్లో రెండూ అమ్ముతున్నారు. ఆ పేజీ చదివి కొనడానికి వెళ్లేవాళ్లు ఇబ్బంది పడతారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

షాపులో చూస్తే రెండూ ఒకే సైజులో కనిపిస్తాయి. పెద్ద జాతిని పిల్లలుగా ఉన్నప్పుడే అమ్మేస్తారు మరి. గుర్తు పట్టాలంటే ముందు కాళ్లు చూడాలి. నాలుగు కాళ్లకూ వేళ్ల మధ్య పొర ఉంటే అది డ్వార్ఫ్ ఫ్రాగ్. ఎంత పెరిగినా 4 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ముందు కాళ్ల వేళ్లు విడివిడిగా ఉండి, వెనక కాళ్లకు మాత్రమే పొరా, వాటి వేళ్ల చివర చిన్న గోళ్లూ ఉంటే అది క్లాడ్ ఫ్రాగ్. మీ ఫొటోలోది ఇదే. ఆడది 10 నుంచి 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. బాగా చూసుకుంటే 15 ఏళ్లకు పైనే బతుకుతుంది. మూడో తరగతి పిల్లాడి పుట్టినరోజుకు కొనిచ్చిన కప్ప వాడు ఉద్యోగంలో చేరేదాకా ఉంటుందన్నమాట. అంతకాలం చూసే ఓపిక ఇంట్లో ఎవరికుందో ముందే అనుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. నేను బొగ్గు గని కాలనీకి నీళ్లిచ్చే ఫిల్టర్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. వర్ధా నది నీళ్లను పటికతో తేర్చి, ఇసుకలో వడగట్టి, క్లోరిన్ కలిపి వదిలేవాళ్లం. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని నియమం. కుళాయి నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు రంగు తిరిగేది. ఆ రంగు కనిపిస్తేనే మాకు మనసు కుదుటపడేది. మనల్ని కలరా నుంచి కాపాడే ఆ క్లోరిన్ కప్పకు మాత్రం విషం. కప్ప నీళ్లను నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. నీళ్లలో ఏది ఉన్నా ఒంట్లోకి పోతుంది. అందుకే కుళాయి నీళ్లు నేరుగా పోయకూడదు. బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరైతే షాపుల్లో యాంటీ క్లోరిన్ అని ఇచ్చే సోడియం థయోసల్ఫేట్ వేసుకోవచ్చు. పాత ఫొటో స్టూడియోల వాళ్లు హైపో అనేది దీన్నే. ఆర్‌వో నీళ్లయితే ఇంకా మంచివి కదా అని కొందరు అడుగుతున్నారు. వాటిలో లవణాలు దాదాపు ఉండవు, అవి మాత్రమే పోస్తే కప్పకు మేలు జరగదు.

మీ వ్యాసంలో చెప్పినట్టు వారానికోసారి తొట్టె మొత్తం కడగడం అసలు చేయకూడని పని. కప్ప మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడ్డ బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండితే అదంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది. వారానికి పావు వంతు నీళ్లు తీసి, తీసిన ఆ నీళ్లలోనే స్పాంజిని మెల్లగా ముంచి తీస్తే చాలు.

మా జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. డ్వార్ఫ్ ఫ్రాగ్‌కు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. క్లాడ్ ఫ్రాగ్‌కు ఇంకా చల్లగా, 16 నుంచి 24 మధ్య ఉండాలి. ఏసీ లేని ఇంట్లో ఈ పెద్ద కప్పను కొనవద్దనే నేను చెబుతాను. మా వీధిలో ఒకామె ఇంట్లో ఇదే జరిగింది. నీళ్లు వేడెక్కుతున్నాయంటే షాపతను ఐసు ముక్కలు వేయమన్నాడట. గంటలో చల్లబడటం, మధ్యాహ్నానికి మళ్లీ వేడెక్కడం. "అన్నా, కప్ప ఉబ్బిపోయింది, ఒకసారి వచ్చి చూడవా" అని పిలిస్తే వెళ్లాను. పొట్ట చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది, తొడల లోపలి వైపు ఎర్రటి చారలు తేలాయి. అప్పటికే షాపతను ఇచ్చిన చేపల మందు కూడా వేసేశారు. చేపల మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది, అది కప్పలకు పడదు. పాపం, ఆ రాత్రే చనిపోయింది. వాళ్ల అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఐసు బదులు నీటి ఉపరితలం మీదుగా గాలి వీచేలా చిన్న టేబుల్ ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు నెమ్మదిగా దిగుతుంది. ఆవిరైపోయిన మేరకు క్లోరిన్ తీసిన నీళ్లు పోస్తూ ఉండాలి. తొట్టెలో ఒక థర్మామీటర్ తప్పనిసరి. పైన జాలీ మూత ఉండాలి, లేకపోతే దూకి బయటపడి ఎండిపోతాయి. ఊపిరి కోసం పైకి వస్తాయి కాబట్టి నీటికీ మూతకూ మధ్య ఖాళీ వదలాలి. ఊపిరితిత్తులతో గాలి పీల్చేవే గనుక, కరెంటు పోయినా చేపల్లా వెంటనే ఉక్కిరిబిక్కిరి కావు.

తిండి పెట్టేటప్పుడు చూడాలి క్లాడ్ ఫ్రాగ్‌ను. దానికి నాలుక లేదు. వానపామును రెండు చేతులతో పట్టుకుని నోట్లోకి కుక్కుకుంటుంది, ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది. చిన్న చేపలను పక్కన పెడితే అవీ దాని తిండే. డ్వార్ఫ్ ఫ్రాగ్ చూపు అంతంతమాత్రం, వాసన పట్టి వెతుక్కుంటుంది. చేపలతో కలిపి పెంచితే దాని వంతు అవి తినేస్తాయి. బ్లడ్ వార్మ్‌లనే చిన్న ఎర్ర పురుగులను పట్టుకారుతో దాని ముక్కు దగ్గరికి అందించాలి. అడుగున గులకరాళ్లు పరిస్తే తిండితో పాటు మింగేస్తాయి. సన్న ఇసుక గానీ, నోట పట్టని పెద్ద రాళ్లు గానీ వేయాలి.

తొట్టెలో చేయి పెట్టాక సబ్బుతో కడుక్కోవడం పిల్లలకు అలవాటు చేయాలి. 2009 నుంచి 2011 దాకా అమెరికాలో చాలామంది పిల్లలకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా సోకింది ఈ డ్వార్ఫ్ కప్పల తొట్టెల నుంచే. తొట్టె సామాన్లు వంటింటి సింకులో కడగొద్దు.

పెంచలేక విసుగొచ్చిన వాళ్లు నదిలోనో చెరువులోనో వదిలేస్తారేమో అన్నది నా అసలు భయం. 1930ల నుంచి గర్భ నిర్ధారణ పరీక్షల కోసం క్లాడ్ ఫ్రాగ్‌లను దేశదేశాలకు పంపారు. గర్భిణి మూత్రం ఎక్కిస్తే ఆడ కప్ప గుడ్లు పెట్టేది. అలా వెళ్లినవీ, ఇళ్లలో పెంచినవీ తప్పించుకుని చిలీలో, కాలిఫోర్నియాలో, ఫ్రాన్స్‌లో స్థిరపడి అక్కడి జీవాలను తినేస్తున్నాయి. కప్పలను చంపే కైట్రిడ్ అనే బూజును తాము పెద్దగా జబ్బు పడకుండానే మోయగలవు కూడా. వర్ధా ఒడ్డున తొలకరికి బెకబెకమనే మన కప్పల దగ్గరికి అది చేరకూడదు. తొట్టెలోంచి తీసిన నీళ్లు కూడా కాలువలో పోయకుండా పూలకుండీల్లో పోయండి. కప్ప వద్దనుకుంటే షాపుకు తిరిగివ్వండి, లేదా పెంచగలిగినవాళ్లకు అప్పగించండి.

ఎండలు ముదరకముందే, సరైన ఫొటోతో ఒక సవరణ వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ఫిల్టర్ ప్లాంట్ ఆపరేటర్,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర.