కోపంగా వచ్చినవాళ్లందరికీ కృతజ్ఞతలు

ఈ మాట ఏడాది కిందటే చెప్పాల్సింది. కొత్త టైంటేబుల్ ఒక విద్యా సంవత్సరం పూర్తిగా నడిచి, ఫలితాలు చేతికి వచ్చేదాకా నోరు విప్పకూడదని పట్టుబట్టి ఆగాను. ముందే చంకలు గుద్దుకుని ఆ తరువాత తల దించుకోవడం మా బడికి బాగా అలవాటైన పని.

నేను ఈ ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బడిని మొదటి నుంచి మార్చి చూపించండి, లేదా మూసివేతకు సిద్ధపడండి అని పైనుంచి తాఖీదు వచ్చినప్పుడు, తల్లిదండ్రుల, చుట్టుపక్కల వాళ్ల అభిప్రాయాలు సేకరించడానికి ఒక కమిటీ వేశారు. నన్ను కన్వీనర్‌ని చేశారు. నాలో ఏ ప్రతిభ చూసి అనుకోకండి. ఆ రోజు స్టాఫ్ మీటింగుకు నేను ఒక్కడినే రాలేదు, అంతే.

మొదటి సభకు నూట ఇరవై కుర్చీలు వేశాం. తొమ్మిది మంది వచ్చారు. వాళ్లలో నలుగురు మా ఉపాధ్యాయులే. మిగిలిన ఐదుగురిలో ఒక తండ్రి, మేము ఇళ్లకు పంపిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చారు. దాన్ని విప్పి నా ముందు బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేశారు. పెన్సిలుతో పదకొండు చోట్ల గీతలు ఉన్నాయి. ‘సంస్థాగత పునర్వ్యవస్థీకరణ’ కింద ఒక గీత. ‘భాగస్వామ్య పక్షాలు’ కింద రెండు. అడుగున ఉన్న ఖాళీలో ఆయన చేతిరాతతో ఒకే ప్రశ్న: ‘మా వాడు వచ్చే ఏడాది ఈ బడికే రావాలా, వేరే చోటు చూసుకోవాలా?’

ఆ ఉత్తరం రాసింది నేనే. రెండు పేజీలు రాశాను. ఆయన అడిగిన ప్రశ్నకు అందులో జవాబు లేదు.

మర్నాడు సాయంత్రం ఆయన పని ముగించుకుని వచ్చి నాతో కూర్చున్నారు. ఒక్కో వాక్యం నేను చదవడం, “ఈ మాట మీ ఇంట్లో వాడతారా మాస్టారూ?” అని ఆయన అడగడం, నేను కొట్టివేయడం. చివరికి అర పేజీ మిగిలింది. ఆ అర పేజీ వెళ్లాక జరిగిన సభకు కుర్చీలు చాలలేదు. మొదటి కృతజ్ఞత ఆ పెన్సిలుకు.

వచ్చినవాళ్లు మెచ్చుకోవడానికి రాలేదు. ఏళ్ల తరబడి మనసులో పెట్టుకున్నదంతా తెచ్చి కుమ్మరించారు. రెండో సభ సగంలోనే ఆగిపోయింది. అప్పుడు మా సైన్సు టీచరు ఒక పాత సంగతి బయటికి తీశారు. 1968లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బాలల మానసిక వైద్యుడు జేమ్స్ కోమర్, న్యూ హేవెన్‌లో బాగా వెనకబడిన రెండు బడులను చేపట్టారు. ప్రధానోపాధ్యాయులు, టీచర్లు, తల్లిదండ్రులు, బడిలోని ఇతర సిబ్బంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు తీసుకునే పద్ధతి పెట్టారు. ఆ బల్ల దగ్గర మూడు నియమాలు: తప్పెవరిదని వెతకకూడదు, ఓట్లతో కాకుండా అందరూ సమ్మతించేలా తేల్చుకోవాలి, ఒకరి పనికి మరొకరు అడ్డుపడకూడదు. అవి ప్రాథమిక పాఠశాలలు, మాది హైస్కూలు. అయినా కోపానికి వయసుతో పనేముంది? మొదటి నియమాన్ని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాం. దాన్ని మొదట ఉల్లంఘించింది నేనే. ఎలాగంటారా?

మొదటి పీరియడ్‌కు రాకుండా రెండో పీరియడ్‌కు మాత్రం కనిపించే పిల్లలు ఇరవై మందికి పైగా ఉన్నారు. హాజరు పట్టీ చూపించి, ఇది ఇళ్లలో క్రమశిక్షణ లేకపోవడమేనని అనేశాను. వెనక వరుసలోంచి ఒకాయన లేచారు. పిల్లలు వచ్చే బస్సు డ్రైవరు. ఆ బస్సు మా స్టాపులో ఆగేది గంట కొట్టిన ఎనిమిది నిమిషాలకు. అక్కడి నుంచి గేటు దాకా మరో ఐదు నిమిషాల నడక. అప్పటికి గేటు మూసేసేవాళ్లం. నాలుగేళ్లుగా ఆ పిల్లలు పరుగెత్తడం ఆయన అద్దంలో చూస్తూనే ఉన్నారట. మరి ఎందుకు చెప్పలేదు అని అడిగాను. “నన్నెవరు అడిగారు సార్?” అన్నారు. గంటను ఇరవై నిమిషాలు ఆలస్యంగా కొట్టడం మొదలుపెట్టాం. పైసా ఖర్చు లేదు. నాలుగేళ్లు మేము రాసిన సంజాయిషీ నోటీసుల కాగితం ఖర్చు మాత్రం మిగిలింది. ఆయనకు నా నమస్కారం, నా క్షమాపణ కూడా.

అదే సభలో ఒక తల్లి అన్న మాట ఇంకా చెవిలో ఉంది: “మీ బడి నుంచి ఫోను వస్తే నాకు గుండె జారిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్క మంచి మాట చెప్పడానికి చేశారా?” చేయలేదు. అప్పటి నుంచి ప్రతి క్లాసు టీచరూ మొదటి నెలలో ప్రతి ఇంటికీ ఒకసారి ఫోను చేసి, ఆ పిల్లవాడిలో చూసిన ఒక మంచి విషయం చెప్పాలని నిర్ణయించాం. చెప్పడానికి ఏమీ దొరకని పిల్లలుంటారని అనుకున్నాను. వెతికితే దొరికింది. “మీ అబ్బాయి లెక్క తప్పు చేశాడు కానీ పక్కవాడిది చూడకుండా మొదటి నుంచి మళ్లీ చేశాడండీ” అని ఒకరితో చెప్పాను. అవతల కాసేపు మౌనం. తరువాత ఆయన నెమ్మదిగా, “సరేనండీ, ఇంతకీ ఏం చేశాడు?” అన్నారు. ఫిర్యాదు వెనకాల వస్తుందని ఎదురుచూస్తున్నారు పాపం.

అన్నిటికంటే పెద్ద మార్పు మా పూర్వ విద్యార్థిని ఒకరి పుణ్యం. అంకెలతో పని చేసే ఉద్యోగం ఆమెది. వారాంతాల్లో వచ్చి, బీరువాలోని పాత రిజిస్టర్లన్నీ దించి, చదువు మానేసినవాళ్ల లెక్క తీశారు. చివరి ఏడాదిలో మానేశారని మేము అనుకుంటున్న పిల్లలు హైస్కూలుకు వచ్చిన మొదటి ఏడాదిలోనే జారడం మొదలుపెట్టారు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ఇదే చెప్పారని ఆమె గుర్తు చేశారు: మొదటి ఏడాది గాడి తప్పని పిల్లలు, తప్పినవాళ్లతో పోలిస్తే, అక్కడి నాలుగేళ్ల హైస్కూలు చదువును సకాలంలో పూర్తిచేసే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువ. మేమేమో అనుభవమున్న టీచర్లందరినీ చివరి తరగతికి కేటాయించి, కొత్తగా చేరినవాళ్లను మొదటి ఏడాది పిల్లల మీదికి తోసేవాళ్లం. ఇల్లు కాలాక బావి తవ్వే పద్ధతి. ఇప్పుడు తలకిందులు చేశాం. సీనియర్లు అలిగారు, నేనూ అలిగాను. ఇరవై ఏళ్లుగా చెప్పిన పై తరగతిని వదులుకోవడం ఎవరికి మాత్రం సులువు? అలిగి కూడా వచ్చి పాఠం చెప్పిన సహోద్యోగులకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాను.

మా వ్యాయామ ఉపాధ్యాయుడి గురించి రెండు మాటలు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, అప్పట్లో నాలుగు వేల మందికి పైగా పిల్లలున్న బ్రాక్టన్ హైస్కూల్, చదవడం రాయడం అన్ని సబ్జెక్టుల్లోనూ నేర్పి ఫలితాలు మార్చుకుందని విన్నాక, అందరికంటే ముందు పని మొదలుపెట్టింది ఆయనే. ఆట అయ్యాక పిల్లలు ఐదు వాక్యాలు రాయాలి: ఎందుకు ఓడిపోయాం? నా లెక్కల క్లాసులో కంటే ఆ పుస్తకాల్లో తర్కం బాగుంది, ఒప్పుకుంటున్నాను.

ఇక మూడు సభల్లో నన్ను నిలబెట్టి కడిగేసిన పెద్దాయన. వృత్తి విద్య వర్క్‌షాపును ఎత్తివేయాలన్న మా ప్రతిపాదనను ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన పట్టుదల వల్లే అది మిగిలింది. చదువు మానేద్దామనుకున్న కొందరు పిల్లలు ఆ వర్క్‌షాపు కోసమే బడికి వస్తున్నారని మాకు ఆ తరువాత అర్థమైంది. నోటి మాటలు ఆయనకు చాలవు. షికాగోలో 1988 నాటి చట్టం పెట్టిన స్థానిక పాఠశాల మండళ్లలో ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు స్థానికులు, ఇద్దరు టీచర్లు, ప్రిన్సిపాల్ ఉండేవారని కాగితం మీద రాసి తెచ్చారు. మా శాశ్వత కమిటీలోనూ తల్లిదండ్రులదే ఎక్కువ సంఖ్య కావాలని సంతకాలు చేయించుకున్నాకే కూర్చున్నారు. ఆయన ఇప్పుడు అందులో సభ్యుడు. ఇప్పటికీ కేకలేస్తారు.

“మా గురించి ఇంత మంది మాట్లాడుతున్నారు, మాలో ఒక్కరూ లేరే?” అని గుమ్మంలో నిలబడి అడిగిన అమ్మాయికి కమిటీలో కుర్చీ ఇచ్చాం. మొదటి రోజే వెనక మెట్ల దగ్గర దీపం లేదని, చిన్న పిల్లలు అటు వెళ్లడానికి భయపడుతున్నారని చెప్పింది. వారంలో దీపం వెలిగింది.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. హాజరు నిలకడగా ఉంది, మూసివేత మాట ప్రస్తుతానికి ఆగింది. లెక్కల ఫలితాలు పెద్దగా కదల్లేదు. ఎవరి సబ్జెక్టో మీకు గుర్తుండే ఉంటుంది. వచ్చే సభలో దాని గురించే చర్చ, నల్లబల్ల మీది నియమం నాకూ వర్తిస్తుందని ఆశ.

దీన్ని ఇక్కడ పెట్టేముందు ఆ తండ్రికి చూపించాను. జేబులోంచి పెన్సిలు తీసి మూడు గీతలు గీశారు. రెండు చోట్ల దిద్దాను. మూడో గీత ‘కృతజ్ఞతలు’ కింద. “ఇంత బరువైన మాట దేనికి మాస్టారూ, థ్యాంక్స్ అంటే సరిపోదా?” అన్నారు. అది మాత్రం ఆయన మాట వినలేదు.