కర్నూలు - విజయవాడ ఫ్లైట్: పెళ్లికి వచ్చేవాళ్ల కోసం

అందరికీ నమస్కారం. "టికెట్‌లో గంట దాటి చూపిస్తోంది, అంత దూరమా?" అని పెద్దమ్మ అడిగింది. కర్నూలు ఎయిర్‌పోర్ట్ ఉన్న ఓర్వకల్లు నుంచి విజయవాడ ఎయిర్‌పోర్ట్ ఉన్న గన్నవరానికి ఆకాశంలో సూటిగా కొలిస్తే సుమారు 295 కిలోమీటర్లే. రోడ్డు మీద అయితే 300 దాటిపోతుంది, కార్లో ఆరేడు గంటలు.

ఈ రూట్‌లో తిరిగే ఏటీఆర్ 72 అనేది, రెక్కల మీద ఫ్యాన్లు ఉండే చిన్న విమానం. పైకి వెళ్లాక గంటకు 500 కిలోమీటర్ల వేగం. ఆ లెక్కన 35 నిమిషాలు చాలాలి. కానీ రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, ఎత్తుకెక్కడం, దిగే ముందు వేగం తగ్గించడం, వరుస కోసం ఆగడం అన్నీ టికెట్ టైమ్‌లోనే కలిపి రాస్తారు. కాబట్టి గంట అంటే లేటని టెన్షన్ పడొద్దు.

మోకాళ్ల నొప్పి ఉన్న అత్తయ్య కోసం ఒక మాట. ఇందులోకి వెనకవైపు తలుపు నుంచి చిన్న మెట్లెక్కాలి. వీల్‌చైర్ కావాలంటే టికెట్ తీసేటప్పుడే చెప్పండి. కిటికీ సీటు మాత్రం ఆమెకే ఇవ్వండి. రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద నేలంతా బాగా కనిపిస్తుంది.

ఊరగాయ సీసా చేతి సంచిలో పెట్టొద్దు, లగేజీలో వేయండి. ఫ్లైట్ రోజూ ఉండదు, తేదీ చూసుకునే బుక్ చేయండి. కర్నూలు నుంచి ఓర్వకల్లుకు అరగంట పైనే, రెండు గంటల ముందే అక్కడుండాలి. ఎవరెవరు వస్తున్నారో ఈ రాత్రికి చెబితే కారు మాట్లాడతాను.