అటక మీద పచ్చ తువ్వాలు

గుంటూరు, బ్రాడీపేట

చి. బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చుగా, ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు "సిగ్నల్ లేదు నాన్నా" అంటావు. అందుకని కాగితం తీశాను.

నువ్వు బండెక్కిన మర్నాడు రిపేరు కొట్టు తెరిచి సోల్డరింగ్ ఐరన్ పెడితే లెడ్డు అంటుకోలేదు. బిట్టు కొన బొగ్గులా నల్లబడి ఉంది. రోజూ సాయంత్రం దాన్ని తుడిచి, కొనకి కాస్త లెడ్డు పట్టించి గాని నేను ఆపను, నీకు తెలుసు. ఎవరో గంటలకొద్దీ ఊరికే మండించారు. మీ అమ్మకి ఐరన్‌తో పనిలేదు. ఇక మిగిలింది ఎవరో నేను రాయక్కర్లేదు.

ఆ తర్వాత రెండు రోజులకి థిన్నర్ సీసా కోసం అటక మీద చెయ్యి పెడితే నీ పచ్చ తువ్వాలు తగిలింది. విప్పేసరికి మీ అమ్మ పక్కనే ఉంది. వాసన చూసి "మామిడి తాండ్రేమో, బూజుపట్టి ఉంటుంది, పారేయండి" అంది. నేనూ ఊఁ అన్నాను. ఇంతవరకూ చెప్పలేదు. అది నువ్వే చెప్పుకో.

అందులో ఉన్నది నీ ఈ-సిగరెట్టు, దాన్లోంచి నువ్వు పీకిన ఒక బుల్లి ముక్క. కొట్టుకొచ్చి ఆ ముక్కని భూతద్దం కింద పెట్టాను. ముప్పై ఏళ్లుగా బోర్డులు చూస్తున్నవాణ్ణి, నిజం చెప్తున్నా, మొదట దాన్ని మైక్ అనుకున్నాను. టేప్‌రికార్డర్లలో ఉండే కండెన్సర్ మైకు లేదూ, అచ్చం అలాగే, గుండ్రంగా, చొక్కా గుండీ అంత. ఇందులో మైకెందుకురా అని తల గోక్కున్నాక వెలిగింది. నోటితో గాలి పీలిస్తే కనిపెట్టే సెన్సర్ అది. గాలి కదలగానే సెల్ నుంచి, అంటే బ్యాటరీ నుంచి, ద్రావకాన్ని వేడిచేసే తీగచుట్టకి, అదే కాయిల్‌కి, కరెంటు వదులుతుంది. దాని నిండా జిగురు పాకం. పైన ఉండే నికోటిన్ ద్రావకం కారి అందులోకి దిగింది. దాంతో ఎవరూ పీల్చకుండానే కాయిల్ వేడెక్కుతూ ఉండి ఉంటుంది. నీకొచ్చిన కంప్లయింటు అదేగా?

ఇక్కడిదాకా నువ్వు సరిగ్గానే పట్టావు. ఆ తర్వాత చేసింది చూసి నాకు చెమటలు పట్టాయి.

సెన్సర్ పీకేసి, నా డబ్బాలోంచి టీవీ ముందు బటన్లకి వేసే బుల్లి స్విచ్ తీసి పెట్టావు. అది మోసేది 50 మిల్లీ యాంపియర్లు. కాయిల్‌కి మీటర్ పెడితే 1.2 ఓములు చూపించింది. సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. భాగించుకో. మూడున్నర యాంపియర్లు. మోయగలిగిన దానికి డెబ్బై రెట్లు! లోపలి రేకులు అతుక్కుపోక ఏమవుతాయి? అతుక్కున్నాయి. వేలు తీసినా స్విచ్ ఆన్‌లోనే ఉంది. దాదాపు 15 వాట్ల వేడి, మన చిన్న ఐరన్‌లో సగానికి పైన, తువ్వాల్లో చుట్టి అటకెక్కించావు. థిన్నర్ సీసా పక్కన.

తువ్వాలు లోపలి మడతలో రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది, వేయించిన పల్లీ రంగులో. సెల్‌లో సరుకు అయిపోబట్టి అక్కడితో ఆగింది.

ఆ గుండీలాంటి దాన్లో గాలిని పట్టే సెన్సర్‌తో పాటు ఒక చిప్పు కూడా ఉంటుందిరా. మామూలుగా ఎనిమిది, పది సెకన్లు దాటి ఎవరైనా లాగుతుంటే అదే కరెంటు ఆపేస్తుంది. కాయిల్ షార్టయితే ఆపుతుంది, సెల్ బాగా దిగిపోతే ఆపుతుంది. ఆ కాపలావాణ్ణే నువ్వు పీకి పారేశావు. ఫ్యూజు పోయిందని సైకిల్ బ్రేకు వైరు వేసేవాళ్ళని చూసి మనిద్దరం ఎంత నవ్వుకునేవాళ్ళం, గుర్తుందా?

సెల్ ఇప్పుడు 1.1 వోల్టు చూపిస్తోంది. 2.5 కిందికి దిగకూడని వస్తువు. అంత దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ చార్జింగ్ పెడితే ఆ రాగి పేరుకుని లోపలే షార్ట్ అవ్వచ్చు. అందుకే ప్రాణం పోయలేదు. వైర్లు ఒకటి కత్తిరించి, దాని కొనకి టేపు చుట్టి, అప్పుడు రెండోది కత్తిరించాను. రెండూ ఒకేసారి కటింగ్ ప్లయర్‌లో పెడితే ప్లయరే షార్ట్ చేస్తుంది, ఇది ఎప్పుడైనా పనికొస్తుంది, గుర్తుంచుకో. సెల్‌ని ఇసక పోసిన డబ్బాలో పెట్టి డాబా మీద ట్యాంకు పక్కన ఉంచాను.

ఈ-సిగరెట్లు తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు అని 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి ఆ ఏడాదే చట్టం చేశారు. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. కనక నీకమ్మినవాడు బిల్లు ఇవ్వడు. పాడైతే తీసుకుపోయి అడగడానికి చోటు లేదు. అందుకే నా డ్రాయరు మీద పడ్డావు.

పొగ సంగతి నేను ఎక్కువ మాట్లాడలేను. పొగాకు బోర్డు ఆఫీసున్న ఊరు మనది. నేను కొట్టు వెనక్కెళ్ళి ఏం చేసేవాణ్ణో నీకు తెలుసని నాకూ తెలుసు. కానీ మీ నాయనమ్మ పెళ్ళికి ముందు పొగాకు చేలో కూలికి వెళ్ళేది. మంచుకి తడిసిన ఆకు చంకన పెట్టుకుని మోసిన రోజు తల తిరిగి, మధ్యాహ్నానికల్లా వాంతులయ్యేవట. పీల్చలేదు, నమల్లేదు, తడి ఆకు ఒంటికి తగిలిందంతే. నికోటిన్ చర్మంలోంచే దిగుతుంది. నీ బోర్డు మీద పాకం నా వేళ్ళకి అంటినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది. సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాను. నువ్వు అదే చేత్తో అన్నం తిన్నావా?

ఆ బోర్డు బాగు చేయడం నాకు రాక కాదు. చేయను, అడగొద్దు.

ఒక్క మాట మాత్రం రాయకపోతే నాకు నిద్రపట్టదు. స్విచ్ కాళ్ళకి నువ్వు పెట్టిన రెండు అతుకుల్లో ఎడమది డ్రై సోల్డర్, అంటే లెడ్డు సరిగా పట్టలేదు, వేలితో కదిపితే ఊడొచ్చింది. కుడిది బాగుంది. మెరుస్తోంది, కాలు చుట్టూ కొండలా దిగింది. ఎవరు నేర్పారు? చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని చూసిందేనా? నాలుగేళ్ళుగా కొట్టులో కూర్చోమంటే "అదంతా పాతకాలం పని నాన్నా" అన్నవాడివి, మేం పడుకున్నాక తాళం తీసుకుని వెళ్ళి చేశావన్నమాట.

సంక్రాంతికి రా. చచ్చిన టీవీ బోర్డు ఒకటి పక్కన పెట్టాను, దాని మీద ఎన్ని అతుకులైనా పెట్టుకో, పగలే. అమ్మ గోంగూర పచ్చడి పంపమంటావా అని అడుగుతోంది.

ఐరన్‌కి కొత్త బిట్టు వేశాను. 60 రూపాయలు. నీ పద్దులో రాశాను.

మీ నాన్న