ల్యాప్‌టాప్‌లు ముందు టీచర్ల చేతికి, తర్వాతే పిల్లల చేతికి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ల్యాప్‌టాప్‌లు మన బడికి వచ్చి మూడు వారాలు దాటింది. గేటు దగ్గర కలిసినప్పుడు, పేరెంట్స్ మీటింగ్‌లో, పిల్లల డైరీల్లో రాసి పంపే చీటీల్లో మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే: "వచ్చాయి కదా మేడమ్, పిల్లలకు ఎప్పుడిస్తారు?" ఆరో తరగతి అమ్మాయి ఒకరు రోజూ సాయంత్రం స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఆగి, బీరువా వైపు ఒకసారి చూసి వెళ్తోంది. ఆ అమ్మాయికీ మీకూ కూడా సూటిగా జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది.

పెట్టెలు విప్పడం, నంబర్లు అంటించడం, సాఫ్ట్‌వేర్ వేయించడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఆగింది టీచర్ల కోసం. ఈ టర్మ్ మొత్తం ల్యాప్‌టాప్‌లు వాళ్ల దగ్గరే ఉంటాయి. పిల్లల చేతికి వచ్చే టర్మ్ మొదట్లో ఇస్తాం. ఇది నేను ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఎందుకు తీసుకున్నానో చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం నేను మరో బడిలో లెక్కలు చెప్పేదాన్ని. అక్కడ శనివారం మధ్యాహ్నం మాకు రెండు గంటల ట్రైనింగ్ ఇచ్చారు. ఎలా ఆన్ చేయాలి, ఏది ఎక్కడ నొక్కాలి అన్నంతవరకే. సోమవారం పొద్దున్నే ఎనిమిదో తరగతి పిల్లల ముందు ల్యాప్‌టాప్‌లు పెట్టేశారు. నాకున్నది నలభై నిమిషాల పీరియడ్. పదకొండు మందికి లాగిన్ కాలేదు. కొందరు పాస్‌వర్డ్ మర్చిపోయారు, కొందరికి అసలు చెప్పనే లేదు. మూడింటికి చార్జింగ్ లేదు. మిగతావి ఒక్కసారిగా అప్‌డేట్ మొదలుపెట్టాయి. అన్నీ సర్దుకునేసరికి బెల్లు కొట్టడానికి పన్నెండు నిమిషాలు మిగిలాయి. ఆ రోజు పిల్లలకు నేను ఒక్క కొత్త సంగతి కూడా చెప్పలేదు. మరుసటి రోజు చాక్‌పీస్ పట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి ల్యాప్‌టాప్‌లు బీరువాలోకి వెళ్లిపోయాయి. ఆ బడిలో టీచర్లు బద్ధకస్తులు కారు, యంత్రాలూ పాడవలేదు. వాటితో పాఠం ఎలా ఉండాలో కూర్చుని ఆలోచించుకునే టైమ్ మాకెవరూ ఇవ్వలేదు, అంతే.

ఇది ఒక్క బడి సంగతే అయితే మీ ముందు పెట్టేదాన్ని కాదు. పెరూ దేశం లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లను పిల్లలకు పంచింది. గ్రామీణ ప్రాంతాల్లోని 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ చేయించిన అధ్యయనం అది. సుమారు పదిహేను నెలల తర్వాత కూడా లెక్కల్లో, భాషలో మెరుగుదల కనపడలేదు. ఆలోచనాశక్తికి సంబంధించిన కొన్ని పరీక్షల్లో మాత్రం కొంత మేలు కనిపించింది. అంటే యంత్రం పిల్లల దాకా చేరింది కానీ పాఠంలోకి చేరలేదు. 2015లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) చాలా దేశాల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది: చదువులో కంప్యూటర్ల మీద బాగా ఖర్చు పెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు.

ఇంకో దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2002లో ప్రభుత్వ బడుల ఏడో తరగతి పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. ముందు కొన్ని బడుల్లో చేసి చూశారు. టీచర్లకూ ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు, తోటివాళ్లకు దారి చూపడానికి బడిలోనే టీచర్లను తయారుచేశారు. అక్కడా అంతా సాఫీగా జరిగిందని నేను అనను. కానీ టీచరు గురించి ముందే ఆలోచించారు. నేను పట్టుకున్నది ఆ ఒక్క ముక్కనే.

ఇప్పుడు మన బడిలో ఏం జరుగుతోందో చెబుతాను. ప్రతి టీచరూ ఒక ల్యాప్‌టాప్‌ని ఇంటికి తీసుకెళ్తున్నారు. పిల్లలకు ఇవ్వబోయే మోడలే, పిల్లల లాగిన్‌తోనే. టీచరు స్క్రీన్ మీద ఒకలా, పిల్లల స్క్రీన్ మీద మరోలా కనపడితే క్లాసులో సగం టైమ్ "మీకు ఎక్కడుంది, నాకు కనపడట్లేదు" అనుకోవడంతోనే పోతుంది. బుధవారం చివరి రెండు పీరియడ్లు ఆటలకూ లైబ్రరీకీ కేటాయించాం. ఆ సమయంలో టీచర్లు వంతులవారీగా కూర్చుని పాఠాలు తయారుచేసుకుంటున్నారు. ఇద్దరిద్దరు జతలుగా పనిచేస్తున్నారు. ఒకరు పాఠం చెబితే రెండోవారు, మరికొందరు టీచర్లు పిల్లల్లా బెంచీల మీద కూర్చుంటారు. నేనూ కూర్చుంటున్నాను.

వర్క్‌షాపులో విన్నది, చూసింది చాలావరకు అక్కడే ఉండిపోతుందనీ, తోటి టీచరు పక్కనుండి క్లాసులో సాయం చేసినప్పుడే అది అలవాటుగా మారుతుందనీ బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు 1980ల నుంచే చెబుతూ వచ్చారు. నా అనుభవంలో కూడా అది అక్షరాలా నిజం. అందుకే ఈసారి బయటి నుంచి ఒక రోజు ట్రైనర్‌ని పిలిపించి చేతులు దులుపుకోలేదు.

ఒక పాఠం ఎలా తయారైందో కాస్త వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ టర్మ్‌లో నాకు బాగా సంతోషం కలిగించిన సంగతి అదే.

తొమ్మిదో తరగతి సైన్స్ టీచర్ లోలకం పాఠం తీసుకున్నారు. మొదటి ప్లాన్‌లో ప్రతి విద్యార్థీ తన స్క్రీన్ మీద లోలకం ఊగే బొమ్మ చూసి, కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. బెంచీ మీద కూర్చున్న జత టీచరు నెమ్మదిగా అడిగారు: "దీన్ని ప్రొజెక్టర్ మీద అందరికీ ఒకేసారి చూపిస్తే సరిపోదా? ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్ ఎందుకు?" గదిలో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ టీచరు రెండు వారాలు ఆ ప్రశ్నతోనే కుస్తీ పట్టారు.

రెండో ప్లాన్‌లో బొమ్మ లేదు. దారం, చివర ఒక ఇనుప నట్టు, ఒక స్టాప్‌వాచ్. దారం పొడవు 25, 50, 75, 100 సెంటీమీటర్లు. ఒక్కో పొడవుకూ ఇరవై ఊపులు లెక్కపెట్టి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఇదంతా చేతులతోనే. ల్యాప్‌టాప్ వచ్చేది ఆ తర్వాత. పది గ్రూపులూ తమ అంకెలను ఒకే స్ప్రెడ్‌షీట్‌లో వేస్తాయి, అందరి అంకెలూ అందరికీ కనపడతాయి. రిహార్సల్‌లో మేమే పిల్లలం కదా, 50 సెంటీమీటర్ల వరుసలో అందరికీ 28 సెకన్ల చుట్టూ వస్తే ఒక గ్రూపుకు 27 వచ్చింది. ఎందుకని అందరం ఆ గ్రూపు వైపు తిరిగాం. మళ్లీ చేసి చూస్తే వాళ్లు పందొమ్మిది ఊపులే లెక్కపెట్టారని తేలింది. పాత పద్ధతిలో అయితే ఆ తప్పు ఒక నోట్‌బుక్‌లోనే దాగి ఉండిపోయేది, టీచరు దిద్దేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత గ్రాఫ్ గీయిస్తే గీత వంగి వస్తుంది. 25 సెంటీమీటర్లకు ఒక ఊపు సుమారు ఒక సెకను, 100కు సుమారు రెండు సెకన్లు. దారం నాలుగింతలు పెరిగితే సమయం రెండింతలే పెరిగింది, ఎందుకు? సమయాన్ని వర్గం చేసి మళ్లీ గ్రాఫ్ గీస్తే అదే గీత తిన్నగా నిలబడుతుంది. చేత్తో రెండు గ్రాఫులు గీయాలంటే పీరియడ్ అయిపోతుంది. ఇక్కడ గీయడానికి నిమిషం చాలు, మిగతా సమయం ఆ "ఎందుకు" మీద పెట్టొచ్చు.

"ఒక్కొక్కరికి ఒకటి ఎందుకు?" అన్న ప్రశ్న ఇప్పుడు స్టాఫ్ రూమ్ బోర్డు మీద రాసి ఉంది. జవాబు దొరకని పాఠంలో ల్యాప్‌టాప్ తెరవం.

తెలుగు క్లాసులో ఈ ప్రశ్నకు జవాబు తేలిగ్గా దొరికింది. పిల్లలు వ్యాసం రాస్తుండగానే టీచరు చూసి, పక్కన మాట రాయొచ్చు. ఏ వాక్యం కొట్టేశారు, ఏది మార్చారు అన్నది కూడా దాచి ఉంటుంది కాబట్టి రచన ఎలా పెరిగిందో కనపడుతుంది. ఒత్తులు, సంయుక్తాక్షరాలు టైప్ చేయడం పిల్లలకు మొదట్లో చిరాకు తెప్పిస్తుంది. దానికి తెలుగు టీచర్లు ముందు తాము సాధన చేస్తున్నారు. లెక్కల్లో జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌తో త్రిభుజం ఒక మూలను పట్టుకుని లాగుతూ కోణాల మొత్తం మారకపోవడం చూపించే పాఠం సిద్ధమైంది.

నోట్స్ మాత్రం చేత్తోనే రాయిస్తాం. టైప్ చేసేవాళ్లు విన్నది విన్నట్టు దించేస్తారనీ, చేత్తో రాసేవాళ్లు తమ మాటల్లో కుదించుకుంటారనీ 2014లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. తర్వాత అదే ప్రయోగం మళ్లీ చేసినవాళ్లకు తేడా అంత స్పష్టంగా కనపడలేదు, కాబట్టి దాన్ని శాసనంలా చూడక్కర్లేదు. అయినా బొమ్మలూ బాణాలూ సమీకరణాలూ కలిసిన నోట్స్‌కి పెన్నే సుఖమని మా టీచర్లందరి మాట.

మీలో కొందరికి ఉన్న టెన్షన్ నాకు తెలుసు: క్లాసులో పిల్లలు ఆటలు ఆడుకుంటారేమో అని. ఆ భయం సరైనదే. 2013లో కెనడాలో చేసిన ప్రయోగంలో పాఠం వింటూ ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్ల మార్కులే కాదు, ఆ స్క్రీన్ కనపడేలా కూర్చున్న పక్కవాళ్ల మార్కులూ తగ్గాయి. అందుకని టీచర్లు యంత్రంతో పాటు గదిని కూడా సిద్ధం చేస్తున్నారు. బెంచీలను గోడల వెంబడి మూడు వైపులా వేస్తే, పిల్లలు గోడవైపు తిరిగి పనిచేస్తున్నప్పుడు మధ్యలో నిలబడ్డ టీచరుకు అన్ని స్క్రీన్లూ కనపడతాయి. "మూతలు దించండి" అనగానే అందరూ ల్యాప్‌టాప్ మూత సగం వాల్చి టీచరు వైపు తిరగాలి. చిన్న విషయంలా ఉంటుంది కానీ, టీచరు మాట వినపడాల్సిన క్షణంలో నలభై స్క్రీన్లు తెరిచి ఉంటే ఎంత అరిచినా లాభం లేదు. ఈ ఒక్క అలవాటు కోసం మొదటి రెండు వారాలు వెచ్చిస్తాం.

ప్రతి పాఠానికీ వైఫై లేకుండా నడిచే రెండో రూపం కూడా రాసుకోమని టీచర్లను అడిగాను. ఒక గదిలో అందరూ ఒకేసారి వీడియో తెరిస్తే నెట్ నెమ్మదిస్తుంది, అది ఎక్కడైనా జరిగేదే. అలాంటప్పుడు పీరియడ్ ఆగకూడదు.

ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్న టీచర్ ఒకరు మొదటి వారం నా గదికి వచ్చి, "పిల్లల ముందు తడబడితే వాళ్లకు నా మీద గురి పోతుందేమో మేడమ్" అన్నారు. ఆవిడ పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకు వంగి వింటారు. అలాంటి మనిషికి ఈ భయం కలగనివ్వడం మా తప్పు అవుతుంది, ఆవిడ తప్పు కాదు. అందుకే ప్రతి క్లాసులో ఇద్దరు పిల్లలను సహాయకులుగా పెడుతున్నాం. లాగిన్, చార్జింగ్, శబ్దం రాకపోవడం లాంటివి వాళ్లు చూసుకుంటారు. టీచరు పాఠం మీదే ఉంటారు. గత బుధవారం రిహార్సల్‌లో ఆవిడే నిలబడి పాఠం చెప్పారు. మధ్యలో ఫైల్ తెరుచుకోకపోతే ఆగకుండా బోర్డు వైపు తిరిగి కొనసాగించారు.

మీ నుంచి నాకు రెండు సాయాలు కావాలి. పిల్లలు ఇంటికొచ్చి "మా టీచర్‌కి కంప్యూటర్ సరిగా రాదు" అంటే నవ్వి ఊరుకోకండి. "నీకు తెలిసింది టీచర్‌కి చూపించావా?" అని అడగండి. అలా చూపించమని మేం పిల్లలకు ముందే చెబుతాం. రెండోది, బుధవారం సాయంత్రాలను టీచర్లకు వదిలేయండి. మీరు కలవాలనుకుంటే వేరే ఏ రోజైనా రండి, వాళ్లూ నేనూ అందుబాటులో ఉంటాం.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం పది గంటలకు లోలకం పాఠాన్ని మీకోసం చెబుతాం. మీరే బెంచీల మీద కూర్చుని, దారం కట్టి, ఊపులు లెక్కపెట్టి, అంకెలు స్ప్రెడ్‌షీట్‌లో వేస్తారు. గది పట్టేది నలభై మందికే కాబట్టి రావాలనుకున్నవాళ్లు పిల్లల డైరీలో ముందుగా రాసి పంపండి. ఎక్కువమంది పేర్లు వస్తే ఆ మరుసటి శనివారం కూడా పెడతాం.

గౌరవంతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు