దిబ్బలెక్కే బండి కంటే ముందు దాన్ని మోసే బండి చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

పక్కపక్కన రెండు సీట్లు, గుండ్రటి స్టీరింగు, చుట్టూ ఇనప గొట్టాల పంజరం, మోకాలెత్తు ఊగే సస్పెన్షన్. సైడ్-బై-సైడ్ అంటారు వీటిని, మన దగ్గర అందరూ బగ్గీ అనేస్తున్నారు. సెకండ్ హ్యాండులో శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ల కళ్లన్నీ ఇప్పుడు వీటి మీదే. కొనబోయేవాళ్లు అడిగేది ఇంజను ఎన్ని సీసీ అని. అది తర్వాత. ఏ ఇసుక మీద నడుపుతారు, అక్కడికి దేనిమీద తీసుకెళ్తారు? ఈ రెండూ తేల్చుకోకుండా డబ్బు కడితే రెండో ఏటికి ఆ బండి షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికే పనికొస్తుంది.

మొదటి ప్రశ్నకి చాలామంది దగ్గరున్న జవాబు కళింగపట్నం, మొగదలపాడు, బారువ. ఇంటిపక్కన ఇంత ఇసుక పెట్టుకుని రాజస్థాన్ పోవడమెందుకు అంటారు. కానీ మన తీరపు దిబ్బలు ఎక్కి దూకడానికి కావు. 2019 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన ప్రాంతాల జాబితాలో ఉన్నాయి. చట్టం సంగతి పక్కనపెట్టినా ఆ దిబ్బ నిలబడింది రావణాసురుడి మీసాలు, మేకడెక్కల ఆకుల తీగలు, సరుగుడు వేళ్ల వల్ల. టైరు ఒకే దారిన పదిసార్లు ఎక్కితే వేరు తెగుతుంది, అక్కణ్ణించి గాలే ఇసుకని తవ్వుకుపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఏం చేసిందో చూసినవాళ్లకి సముద్రానికీ తోటకీ మధ్య దిబ్బ ఎందుకో చెప్పక్కర్లేదు.

తాబేళ్ల కాలంలో ఇంకో చిక్కు. మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్ల అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. రాత్రి గుడ్డులోంచి వచ్చి సముద్రం వైపు పాకుతూ అరడుగు లోతు టైరు గాడిలో పడిందంటే గట్టు ఎక్కలేదు. గాడి ఎటుపోతే అటే నడుస్తుంది, తెల్లారేసరికి కాకులకీ కుక్కలకీ దొరుకుతుంది. జనవరి నుంచి మే దాకా మన తీరమంతా ఇదే వరస.

రోడ్డు మీద నడిపే వీలూ లేదు. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని బండి రోడ్డెక్కకూడదు. ఇంటి నుంచి బీచ్ దాకా రెండు కిలోమీటర్లేగా అన్నా చెల్లదు. వెనక తగిలించే ట్రైలరు కూడా ఆ చట్టం లెక్కలో మోటారు వాహనమే, దానికీ నంబరు కావాలి. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

మిగిలేవి రెండు దారులు. తీరానికి దూరంగా, పోటు గీతకి 500 మీటర్ల అవతల, సొంత తువ్వ నేల ఉంటే అందులో తిప్పుకోవడం. లేదంటే జైసల్మేర్ దగ్గర సామ్ దిబ్బల వైపు వెళ్లడం. శ్రీకాకుళం నుంచి అది రెండు వేల కిలోమీటర్ల పైమాట. ఏడాదికి ఒకసారి వెళ్లే మాటైతే అక్కడే అద్దెకి తీసుకోవడం నయం. రెండు మూడుసార్లు, అదీ స్నేహితులతో ఖర్చు పంచుకుని వెళ్లేవాళ్లకే సొంత బండి గిట్టుబాటు.

మోసుకెళ్లడానికి ముందు కొలతలు చూడాలి. పొలారిస్ ఆర్‌జడ్ఆర్ ఎక్స్‌పీ 1000 తీసుకుంటే వెడల్పు 64 అంగుళాలు, పొడవు దాదాపు 10 అడుగులు, ఖాళీ బరువు 625 కిలోల చిల్లర. పెట్రోలు, ఆయిళ్లు, స్పేరు టైరు, పనిముట్లు వేసేసరికి 700 దాటుతుంది. టాటా ఏస్ బాడీ వెడల్పు 5 అడుగుల లోపే కాబట్టి అందులో పట్టదు. బొలెరో పికప్‌లో పట్టించాలంటే టేపు పెట్టి లోపలి వెడల్పు కొలిచాకే బేరమాడాలి. మావెరిక్ ఎక్స్3 లో 72 అంగుళాల మోడలుకైతే నేరుగా ఐషర్ లారీ మాట్లాడుకోవడమే.

ఎక్కించేటప్పుడు జరిగే ప్రమాదం దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు చక్రాలు ర్యాంపు మీదకి వస్తాయి, వెనక చక్రాలు తన్నుతాయి, ఆ తన్నుడికి ర్యాంపు వెనక్కి జారి బండి పొట్ట మీద కూర్చుంటుంది. ర్యాంపు పైకొసని గొలుసుతో లారీ చట్రానికి కట్టకపోవడమే కారణం. మూడడుగుల ఎత్తు డెక్కుకి ర్యాంపు 8 అడుగులకి తగ్గకూడదు. లో గేరులో, ఆపకుండా, రేజు చేయకుండా ఎక్కించాలి. అసలు ర్యాంపే వద్దనుకుంటే లారీని చెరువు గట్టుకి ఆనించి వెనక్కి పెట్టండి. ఊళ్లో పశువులని ఎక్కించే పద్ధతే, ఇంతకంటే భద్రమైనది లేదు.

కట్టడానికి రెండంగుళాల వెడల్పు రాట్చెట్ బెల్టులు నాలుగు కావాలి, నాలుగు మూలలకీ, ముందూ వెనకా అడ్డంగా దాటేలా. చట్రానికి కడితే గుంత పడినప్పుడల్లా సస్పెన్షన్ కుంగి బెల్టు వదులై కొక్కెం ఊడుతుంది. చక్రాల మీంచి వేసి కడితే సస్పెన్షన్ ఎంత ఊగినా బిగుతు మారదు. కొక్కేలకి నాలుక ఉన్నవే కొనాలి. గేరు పార్కులో పెట్టి ధీమాగా ఉంటే లాగుడంతా గేరుబాక్సులో ఒక చిన్న పంటి మీద పడుతుంది. మొదటి 20 కిలోమీటర్లకి ఆగి నాలుగూ మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్త బెల్టు సాగుతుంది.

ట్రైలరైతే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. మొత్తం 1,100 కిలోలుంటే 110 నుంచి 165 దాకా. ధాన్యం తూచే కాటా మీద కొక్కెం ఆనిస్తే తెలిసిపోతుంది. తక్కువుంటే బండిని జానెడు ముందుకి జరిపి మళ్లీ తూచాలి. వెనక బరువెక్కువైన ట్రైలరు డెబ్బై దాటగానే పాములా ఊగుతుంది, అప్పుడు బ్రేకు తొక్కితే మడత పడుతుంది. చేయాల్సింది యాక్సిలరేటరు వదలడం, స్టీరింగు నిలకడగా పట్టుకోవడం. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా వెళ్లేవాళ్లు బ్రేకుల్లేని ట్రైలరు తీసుకెళ్లకండి. ఆగిన ప్రతిచోటా చక్రం హబ్బుకి అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి రెండోదానికంటే వేడిగా ఉందంటే బేరింగు పోతోందని లెక్క.

విడి పెట్రోలు సొంతానికైనా 30 లీటర్లు దాటితే లైసెన్సు కావాలి, లోహపు డబ్బా ఒక్కోటి 25 లీటర్లకి మించకూడదు. ప్లాస్టిక్ నీళ్ల డబ్బాల్లో పట్టుకెళ్లే తెలివి వద్దు.

ఇప్పుడు ఇసుకలో ఎక్కువ డబ్బు తినేదాని దగ్గరికొద్దాం. ఈ బళ్లలో చాలావాటికి లో, హై ముందే ఎంచుకోవడం తప్ప నడుస్తుండగా గేర్లు మారవు. రెండు పుల్లీల మధ్య రబ్బరు బెల్టు తిరుగుతుంది. పుల్లీ దగ్గరపడితే బెల్టు పైకి, దూరమైతే లోపలికి జారి వేగం మారుతుంది. రోడ్డు మీద చక్రం ఒకసారి కదిలాక దొర్లుతూ పోతుంది. ఇసుకలో ప్రతి అడుగూ మళ్లీ తవ్వుకోవాల్సిందే, ఆ శ్రమంతా బెల్టు మీద. పుల్లీ మీద బెల్టు జారితే వేడి, వేడికి రబ్బరు మెరుపెక్కుతుంది, మెరుపెక్కాక ఇంకా జారుతుంది. మొదట కాలిన వాసన, తర్వాత ఠప్పుమని చప్పుడు. అందుకే టర్బో కంటే ముందు ఈ పుల్లీల మీది మూతకి, అంటే క్లచ్ కవరుకి, వేడి చూపే మీటరు పెట్టించండి. 95 డిగ్రీల సెల్సియస్ లోపు ఫర్వాలేదు. 110 దగ్గరికొస్తే ఆపి, న్యూట్రల్లో పెట్టి, కొంచెం రేజు మీద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. పుల్లీలకున్న రెక్కలే గాలి లాగి చల్లబరుస్తాయి. ఇంజను ఆపేస్తే ఆ గాలీ ఆగిపోతుంది.

25 కిలోమీటర్ల లోపు వేగంతో తిరుగుతున్నంతసేపూ లో గేరే వాడాలి. హై గేరులో మెల్లగా ఎక్కించడం బెల్టుని పెనం మీద పెట్టినట్టే. కొత్త బెల్టుని మొదటి 80 కిలోమీటర్లు సగం యాక్సిలరేటరు దాటకుండా, వేగం మారుస్తూ నడపాలి. వేయబోయే ముందు పుల్లీ పళ్లేలని సన్న స్క్రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డతో తుడవాలి, చేతి జిడ్డు తగలకూడదు. తెగిన బెల్టు మార్చేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. కొత్తది తొడిగి కవరు మూసేస్తారు. పాతదాని నూలుపోగులు పుల్లీ వెనక షాఫ్టుకి చుట్టుకుని ఉంటాయి, అవి తిరిగి తిరిగి సీలుని కోస్తాయి, రెండోరోజు గేరు ఆయిలు కారుతుంది. టార్చి వేసి, కొక్కెంతో ప్రతి పోగూ లాగి, గాలి కొట్టాకే కొత్తది వేయాలి. ఎప్పుడూ రెండు స్పేరు బెల్టులూ, పుల్లీ తెరిచే పనిముట్టూ బండిలోనే ఉండాలి. ఈ గోలంతా వద్దనుకుంటే యమహా వైఎక్స్‌జడ్ 1000ఆర్, హోండా టాలన్ లాంటివి ఉన్నాయి, వాటికి బెల్టు లేదు.

టైర్ల విషయం చిన్నదే. మామూలు టైర్లైతే ఇసుకలో 8–10 పీఎస్ఐ. టైరు అంచుని బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ము లేకుండా అంతకంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. బంకులో గేజి ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపదు, 0–30 గేజి విడిగా కొనుక్కోవాలి. తెడ్డు టైర్లు, అంటే ఇసుకని తోసే రెక్కలున్నవి, వెనకకే, అదీ దిబ్బ దగ్గరికి వెళ్లాకే తొడగాలి. బాణం గుర్తు చూడకుండా తిరగేసి తొడిగితే తెడ్డు ఇసుకని పట్టదు. తెడ్లు ఎక్కువున్న టైరు బాగా పట్టేస్తుంది, ఆ పట్టుకి బెల్టూ యాక్సిలూ రెండూ మూల్యం చెల్లిస్తాయి.

గాలి ఫిల్టరు రోజూ తీసి చూడాలి. ఫిల్టరు అంచుకి సన్నగా గ్రీజు రాసి, లోపలి గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ మీద గోధుమరంగు గీత వచ్చిందంటే దుమ్ము లోపలికి పోతోంది. అలా రెండు ట్రిప్పులు తిప్పితే రింగులు అరిగి ఇంజను పొగ పోస్తుంది. సెకండ్ హ్యాండు బండి చూసేటప్పుడు పెయింటు కంటే ముందు ఈ గుడ్డ పరీక్ష చేయండి, కంప్రెషన్ కొలిపించండి, చాసిస్ నంబరు మీద రీకాల్ ఉందేమో అడగండి. 2013–2016 మోడళ్ల ఆర్‌జడ్ఆర్ 900, 1000 బళ్లని దాదాపు 1,33,000, నిప్పంటుకునే ప్రమాదం వల్ల 2016 ఏప్రిల్‌లో కంపెనీయే వెనక్కి పిలిచింది. ఏ మోడలైనా పంజరానికి నిప్పార్పే కిలో పౌడరు సిలిండరు చేతికందేలా బిగించుకోవాలి.

డబ్బు పెట్టే వరస: నాలుగు పట్టీల హార్నెస్, హెల్మెట్టు, కళ్లద్దాలు, మందం గొట్టాల పంజరం, జెండా. ఆ తర్వాతే సైలెన్సరూ టర్బోలూ. జెండా షోకు కాదు. దిబ్బకి అవతల్నుంచి ఇంకో బండి ఎక్కుతోందని మీకు తెలిసేది దాని జెండా కనిపిస్తేనే. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ దిబ్బల దగ్గర నేల నుంచి 8 అడుగుల ఎత్తున ఎగరాలని నిబంధనే పెట్టారు. దిబ్బ కొసకి చేరేలోపు వేగం తగ్గించి చూడండి. అవతలి వైపు గాలిచాటు ముఖం దాదాపు 34 డిగ్రీల వాలు, పొడి ఇసుక నిలబడే హద్దు అది. ముక్కు సూటిగా దిగాలి. సగంలో భయపడి పక్కకి తిప్పితే దొర్లడం ఖాయం.

ఇరుక్కుంటే చక్రం తిప్పకండి, తిప్పినకొద్దీ పాతుకుపోతుంది. పొట్ట కింద ఇసుక తోడి, గాలి ఇంకొంచెం తగ్గించి, వచ్చిన గాడి వెంటే వెనక్కి లాగాలి. బండిని లాగే తాడు చక్రం, అంటే వించ్, కట్టడానికి చెట్టు లేకపోతే స్పేరు చక్రాన్ని మూడడుగుల లోతున పాతి దానికి కట్టండి.

సంపాదకుల ద్వారా జిల్లా యంత్రాంగానికి ఒక విన్నపం. కళింగపట్నం, బారువ బీచ్‌లకి దిగే దారుల మొదట్లో, బండి దిగాక కాదు దిగకముందే కనపడేలా, దిబ్బల మీద వాహనాలు నిషేధమనీ, జనవరి నుంచి మే దాకా తాబేళ్ల కాలమనీ తెలుగులో పెద్దక్షరాలతో బోర్డులు పెట్టించండి. ఆ బోర్డు పక్కనే రెండు సిమెంటు దిమ్మలు, మధ్య సందు ఐదడుగులకి మించకుండా. వీటిలో వెడల్పు బళ్లు ఆ సందులోంచి దూరలేవు.

ఇట్లు,
ఒక పాఠకుడు, శ్రీకాకుళం