లిమిటెడ్ స్లిప్ ఉంటే లారీ జారదనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు చెన్నైలో ఎన్నూరు, మణలి, మాధవరం వైపు లారీల దారులు బురదతో, ఆయిల్ మరకలతో జారుడుగా తయారవుతాయి. వెనక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకూ పంచే గేర్ల అమరికలో, ఒక పక్క ఊరికే తిరిగిపోవడాన్ని తగ్గించే రకం) ఉంటే ఇక భయం లేదని ఈ దారుల్లో నడిపే మన డ్రైవర్లు కొందరు ధీమాగా ఉంటారు. ఆ ధీమా ప్రాణాల మీదికి తెస్తుంది.

మామూలు డిఫరెన్షియల్ రెండు పక్కలకూ సమానంగానే బలం పంచుతుంది. ఎడమ చక్రం 100 కిలోల లాగుడుకే బురదలో తిరిగిపోతే, గట్టి నేల మీదున్న కుడి చక్రానికీ 100 కిలోలే అందుతుంది. లోడు బండి కదలదు. లిమిటెడ్ స్లిప్‌లో క్లచ్ ప్లేట్లు రెండు చక్రాలకు వెళ్లే షాఫ్టులనూ బిగించి పడతాయి. రెండున్నర రెట్లు మళ్లించే రకమైతే కుడి పక్కకు 250 దాకా వెళ్లి, మొత్తం 350 కిలోల లాగుడు వస్తుంది. క్వారీ బాటలో దీనికి సాటి లేదు.

తడి తారు రోడ్డు మీద లెక్క మారుతుంది. మామూలు యాక్సిల్‌లో ఒక చక్రం ఊరికే తిరిగినా రెండోది రోడ్డును పట్టుకుని ఉంటుంది, బండి వెనక భాగాన్ని పక్కకు పోనివ్వదు. లిమిటెడ్ స్లిప్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రెండు పక్కలూ ఒకేసారి పట్టు వదిలేస్తాయి. రోడ్డు ఎటు వాలుంటే వెనక భాగం అటు జారుతుంది. ఖాళీ బండికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ట్రైలర్ లాగే బండి మడత పడిపోవచ్చు. అందుకే మలుపుకు ముందే గేరు తగ్గించుకోవాలి. మలుపులో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగకు అడ్డు వేసి బండి వేగం తగ్గించే బ్రేకు) వేయకూడదు. వెనక జారడం మొదలైతే యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, జారిన వైపే స్టీరింగ్ తిప్పాలి.

యజమానులకూ ఒక మాట. వెనక టైర్లు రెండు పక్కలా ఒకే సైజులో, ఒకే అరుగుదలతో, ఒకే గాలితో ఉండాలి. తేడా ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా ప్లేట్లు రాసుకుని అరిగిపోతాయి, ఆ తర్వాత అది మామూలు డిఫరెన్షియలే. కంపెనీ చెప్పిన లిమిటెడ్ స్లిప్ ఆయిలే పోయించండి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే మలుపుల్లో వెనక కటకటమంటూ అదురుతుంది.

షెడ్డులో మరో ప్రమాదం ఉంది. ఒక పక్కనే జాకీ పెట్టి, ఇంజన్ ఆన్ చేసి గేరు వేస్తే నేల మీదున్న చక్రం బండిని జాకీ మీంచి లాగేస్తుంది. రెండు పక్కలూ లేపి, స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు అడ్డు వేశాకే గేరు వేయాలి.

— లారీ మెకానిక్కులు,
మాధవరం, చెన్నై