ఖైదులో పోయిన సీమ సైనికుల పేర్లు తెలుగులో కావాలి

సంపాదకుడు గారికి,

ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినానికి మన పత్రికల జిల్లా పేజీల్లో అమరవీరుల మీద కథనాలు వస్తాయి. 1962, 1965, 1971, కార్గిల్ అన్నీ ఉంటాయి. 1947కు ముందు పోయినవాళ్ళ ఊసు మాత్రం ఉండదు. అందులోనూ రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌కు ఖైదీలుగా చిక్కి, అక్కడే కన్నుమూసిన మన సీమవాళ్ళ సంగతి మరీ అన్యాయం. వాళ్ళ వివరాలు అసలే లేవనుకుంటే పొరపాటు. చాలావరకు ఉన్నాయి, మనవాళ్ళకు దొరికే రూపంలో లేవు. ఈ లేఖ అందుకే.

మా జేజినాయన సొంత తమ్ముడు కరువు రోజుల్లో మిలిటరీలో చేరి మలయా (ఇప్పటి మలేషియా) పోయినాడు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కు మైదానంలో 40 వేలకు పైగా భారత సైనికులను బ్రిటిష్ అధికారులు జపాన్ చేతికి అప్పగించారు. మా ఇంటికి వచ్చింది 'ఆచూకీ లేదు' అన్న తంతి ఒక్కటే. ఖైదీల విషయంలో 1929 నాటి జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకమైతే పెట్టింది గానీ దాన్ని ఆమోదించలేదు. పేర్ల జాబితాలు రెడ్‌క్రాస్‌కు సరిగా అందలేదు. ఆ లోటు ఇక్కడి ఇళ్ళలో ఎట్లా తేలిందంటే, మా చిన్న జేజి బొట్టు తీయాలా వద్దా అన్నది యుద్ధం ముగిశాక కూడా పెద్దలు తేల్చలేకపోయారు. తద్దినం పెడదామంటే తిథి లేదు.

ఆయనతో పాటు ఉన్న పక్క ఊరాయన తిరిగొచ్చి, "ఓడెక్కించి దీవులకు తోలుకపోయినారు" అని చెప్పినాడట. ఏ దీవో ఆయనకూ తెలీదు. జపాన్‌వాళ్ళు భారతీయ ఖైదీలను పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూగినియా, న్యూబ్రిటన్ దీవుల వైపు కూలి పనులకు తరలించారన్నది చరిత్రలో ఉన్నదే. అక్కడ ఆకలి, మలేరియా, బెరిబెరి. వాటికి తోడు మిత్రరాజ్యాల బాంబులు.

ఇలా పోయినవాళ్ళ లెక్క చూసేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో పుట్టిన సంస్థ. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. సమాధి తెలిసినవాళ్ళు న్యూబ్రిటన్‌లో రబౌల్ దగ్గరి బీటా పాకా, న్యూగినియాలోని లే వంటి శ్మశానాల్లో కనిపిస్తారు. సమాధి లేనివాళ్ళ పేర్లు సింగపూర్ క్రాంజిలోని స్మారక గోడల మీద ఉన్నాయి, ఆ గోడల మీద మొత్తం 24 వేలకు పైగా పేర్లు. చాలామంది భారతీయులకు తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాసిపెట్టారు.

ఇక మన పాట్లు చూడండి. అప్పట్లో సైన్యం మన ఇంటిపేర్లను పట్టించుకోలేదు. ఓబులేసు అన్న పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా 'ఓ'తో రాస్తే ఇంకొకడు 'వి'తో, మరొకడు 'డబ్ల్యూ'తో మొదలుపెట్టాడు. మద్దిలేటి, దస్తగిరి, పెద్దన్నల గతీ అంతే. జిల్లాలది ఇంకో చిక్కు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలోవి. కాబట్టి ఆదోని సైనికుణ్ణి కర్నూలు కింద వెతికితే దొరకడు. మార్కాపురం, గిద్దలూరు వాళ్ళు 1970 దాకా కర్నూలు వాళ్ళే. కడప పేరుకు 2005 దాకా తెల్లవాళ్ళ స్పెల్లింగే నడిచింది. ఇవేవీ తెలియని మనవడు సెల్‌ఫోన్‌లో రెండుసార్లు కొట్టి చూసి, లేదనుకుని ఊరుకుంటాడు.

మా చిన్న జేజినాయనను పట్టించింది పేరు కాదు, నంబరు. ఇంటికి పంపిన మనియార్డరు కూపన్ ఒకటి ట్రంకు పెట్టెలో మిగిలింది, దాని మీద సర్వీసు నంబరు ఉంది. చూస్తే క్రాంజి గోడ మీద పేరుంది, తేదీ 1942 ఫిబ్రవరి 15. అంటే లొంగిపోయిన రోజే! ఓడెక్కినవాడు ఆ రోజే ఎట్లా పోతాడు? ఆచూకీ తెగిన తేదీనే చావు తేదీగా రాసుకున్నట్టుంది. బోసు సైన్యంలో చేరాడని కూడా మా ఊళ్ళో కొందరు అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఆధారం లేదు, నేను ఆ మాట అనను.

ఈ తేదీ సంగతి తేల్చమని ఒక కార్యాలయానికి రాస్తే జవాబు లేదు. ఇంకో చోట "స్వాతంత్ర్యానికి ముందువాళ్ళు మా పరిధిలోకి రారు" అన్నారు. తెల్లవాడి సైన్యం కదా అని పెదవి విరిచేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆనాటి మద్రాస్ శాపర్స్ (సైనిక ఇంజనీర్ల దళం) బెంగళూరులో, మద్రాస్ రెజిమెంట్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆనాటి యుద్ధ గౌరవాలను తమవిగానే చెప్పుకుంటాయి. గౌరవం మనది, పోయినోడు మాత్రం మనోడు కాదంటే ఎట్లా?

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. కమిషన్ జాబితాలోంచి పాత కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి జిల్లాల పేర్లు తీసి, ఇప్పటి మండలాల వారీగా తెలుగు లిపిలో రాయించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పూనుకుంటే శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల చరిత్ర విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు వర్కు. ఆ జాబితా గ్రామ సచివాలయాల్లో ఉంచాలి. రికార్డు కార్యాలయాలకు, జెనీవా రెడ్‌క్రాస్ ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాయడం మన పల్లెల్లో అందరికీ చేతకాదు. జిల్లాకు ఒక ఉద్యోగికి ఆ బాధ్యత అప్పగించాలి. పత్రికగా మీరు కూడా వారానికి ఒక మండలం చొప్పున పేర్లు వేయొచ్చు. గుర్తుపట్టే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు పోతే ఏ ఓబులేసు ఎవరింటివాడో చెప్పేవాళ్ళుండరు.

పాఠకులకు ఒక మనవి. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ట్రంకు పెట్టెల్లోని తంతులు, ఖైదీ కార్డులు, మనియార్డరు కూపన్లు, పింఛను కాగితాలు పాత సామాన్లవాడికి వేయకండి. రెండువైపులా ఫోటో తీసుకోండి, నంబరు చాలాసార్లు వెనకవైపు ఉంటుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా